చేయి జారినవాళ్ళ ఊరు

పెంకుల బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. పగిలిన కుండ ఏది కనిపించినా, అది ఎవరి చేతిలో పగిలిందో, ఎలా పగిలిందో చెప్పకుండా ఉండలేడు. నిన్నో మొన్నో పగిలిన కుండలైతే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆయన చెప్పేవన్నీ మూడు వేల ఏళ్ల కిందట పగిలినవి.

మా మ్యూజియంలో ఆయనది మరమ్మతు గది. ఏటి ఒడ్డున పాత ఊరి దిబ్బల్ని తవ్వుతున్న కొద్దీ గోనెసంచుల్లో పెంకులు వచ్చేవి. ఆయన వాటిని కడిగి, వల బిగించిన చెక్క చట్రాల మీద ఆరబెట్టి, ఒక్కో పెంకుకు లోపలివైపు సన్నటి అంకె వేసి, జతలు వెతికి అతికించేవాడు. జిగురు ఆరేదాకా ముక్క పక్కకు ఒరగకుండా ఇసక తొట్టెలో నిలబెట్టేవాడు. అందుకే ఆ గదిలో ఎప్పుడు చూసినా పది పదిహేను సగం కుండలు నడుము లోతు ఇసకలో దిగి, ఏటికి స్నానానికి వచ్చినవాళ్ళలా ఉండేవి.

నేను అక్కడ చీటీలు రాసే ఉద్యోగంలో చేరాను. అద్దాల పెట్టెలో వస్తువు పక్కన రెండు మూడు వాక్యాల చీటీ ఉంటుంది కదా, అవి. ఏడాది ప్రొబేషన్. ఏడాదిలో ఒక్క పొరపాటు జరిగినా ఇంటికి పంపించేస్తారని చేరిన రోజే చెప్పారు. పరిచయం చేసుకుందామని బాబాయి గదికి వెళ్తే ఆయన నా పేరు అడగలేదు. నలభై ఒక్క ముక్కల కుండ ఒకటి నా ముందుకు జరిపి, ఇది వదినగారి చేతిలో పోయింది అన్నాడు.

ఎవరి వదినగారని అడిగాను.

"మరిదికి వదిన," అన్నాడు, అంతకంటే వివరంగా ఎవరైనా ఎలా చెబుతారన్నట్టు చూసి.

ఆ కుండ గుమ్మం దగ్గర దొరికిందట. మూతి ఇంటి లోపలివైపు, అడుగు వీధివైపు పడి ఉన్నాయట. అంటే నీళ్లు మోసుకొచ్చి లోపలికి అడుగుపెడుతున్న మనిషి వెనక్కి తిరిగింది. ఎవరో పిలిచారు కాబట్టి తిరిగింది. పిలిచింది మరిది. అన్నయ్య ఎటు వెళ్లాడని అడిగాడు. ఈవిడ చెబుదామని తిరిగింది, గడప తగిలింది, చేయి జారింది.

మరి ఇంట్లోవాళ్ళు తిట్టలేదా అని అడిగాను. ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. అడిగిన క్షణం నుంచి బాబాయి లెక్కలో నేను ఆ ఊరిదాన్నైపోయాను.

"ఎందుకు తిడతారు? కాలి మీద పడలేదు కదా అన్నాడు వాళ్ళాయన. అత్తగారు ఓ పూట ముఖం మాడ్చుకుంది. సాయంత్రానికి ఆవిడే మరచిపోయింది."

బాబాయి కోర్టులో తీర్పు ఎప్పుడూ ఇంతే. దోషి ఎవరో తేలేది, శిక్ష మాత్రం పడేది కాదు. తుమ్ము వచ్చినాయన, పక్కింటి పాట వింటూ పరధ్యానంలో పడిన ముసలావిడ, పిల్లి తోక తొక్కబోయి తప్పుకున్న చాకలి, అందరూ నిర్దోషులుగా విడుదలయ్యేవారు. ఆ ఊరివాళ్ళని ఎవరైనా ఒక్క మాట అంటే ఆయన ఒంటికాలి మీద లేచేవాడు. ఒకసారి రెండు చెక్కలుగా విడిపోయిన పెద్ద గిన్నెను చూసి, ఇది మొగుడూ పెళ్లాల గొడవ అయ్యుంటుంది, ఎవరు విసిరారని సరదాగా అన్నాను. ఆయన రెండు గంటలు నాతో మాట్లాడలేదు. టీ తాగే వేళకి దగ్గరికొచ్చి, ఎవరూ విసరలేదు, ఇద్దరూ ఒకేసారి అందుకోబోయారు, ఒకరికొకరు వడ్డించుకుందామని అన్నాడు.

ఈ వెనకేసుకురావడం చివరికి చరిత్రకారుల దాకా వెళ్లింది. విశ్వవిద్యాలయం నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వచ్చి మా హాల్లో ఉపన్యాసం ఇచ్చాడు. పాత ఊరి దిబ్బలో ఒకచోట మూరెడు మందాన బూడిద పొర ఉంది. దాన్ని బట్టి శత్రువులు దండెత్తి వచ్చి ఊరంతా తగలబెట్టారని ఆయన సిద్ధాంతం. మన ప్రాచీన నాగరికత ఆ విధంగా అంతరించింది అని ఆయన నీళ్ల గ్లాసు అందుకోగానే, చివరి వరుసలో బాబాయి చేయెత్తాడు. ఎవరో పొయ్యి ఆర్పడం మరచిపోయి ఉండొచ్చు కదండీ అని అడిగాడు.

"ఒక్క పొయ్యితో ఊరంతా కాలిందంటారా?" అన్నాడు ప్రొఫెసరు.

"ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది," అన్నాడు బాబాయి.

హాలంతా నవ్వింది. బాబాయి నవ్వలేదు. ఆ పొయ్యి ఎవరిదో కూడా ఆయనకు తెలుసని, పదిమందిలో బయటపెట్టడం ఇష్టంలేక ఊరుకున్నాడని నాకు అనిపించింది.

మా ఇల్లు ఒక అచ్చాఫీసు మీద రెండు గదులు. అమ్మ కిటికీ పక్కన కూర్చుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. నేను చేరిన వారానికే ఆవిడ ఆ ఊరి వ్యవహారాల్లో తలదూర్చింది. నేను చెప్పులు విడుస్తుండగానే మిషను ఆపి, ఇవాళ ఎవరు పగలగొట్టారే అని అడిగేది. తుమ్ము వచ్చినాయన సంగతి విన్నప్పుడు బాగా నొచ్చుకుంది. మూడు జాడీలు ఒకదాని మీద ఒకటి పెట్టి మోస్తూ తుమ్మాడట, ఒక్కటీ మిగల్లేదు. ఆ తుమ్ములకి మందేమైనా వాడుతున్నాడా కనుక్కోమని మర్నాడు నాకు అన్నం డబ్బా కట్టి ఇస్తూ మరీ చెప్పింది. కనుక్కున్నాను. బాబాయి చాలాసేపు ఆలోచించి, దుమ్ములో పని కదమ్మా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలవుతుంది, అమ్మగారు అడిగారని చెబుతాను అన్నాడు.

మధ్యాహ్నాలు నేను ఆ గదిలోనే కూర్చుని చీటీలు రాసుకునేదాన్ని. పైన అటక కిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగి, ఒక్కో ఇసక తొట్టెనీ పలకరిస్తూ గది ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేది. ఎండ తగిలినంతసేపూ కుండ ఎర్రగా నిద్ర లేచి, దాటిపోగానే మళ్ళీ కళ్ళు మూసుకునేది. జిగురు వాసన, తడి మట్టి వాసన. బాబాయి పెంకు మీద పెంకు ఆనించి చూస్తూ, కుదరకపోతే పక్కన పెడుతూ, మధ్యలో ఎప్పుడో ఒక మాట అనేవాడు. ఆ వీధిలో ఇల్లు మారారట. ఆ ముసలావిడకి వినికిడి తగ్గిందట. వింటూ వింటూ కాసేపటికి నేను కాగితం మీద ఉండేదాన్ని కాదు. ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేనంత సన్నటి సందు. రెండువైపులా మట్టిగోడల చల్లదనం. పాదాలు తగిలి తగిలి మధ్యలో పల్లం పడిన గడపలు. లోపల ఎక్కడో గరిట చప్పుడు, పిల్లని మందలిస్తున్న గొంతు, ఆ మందలింపులో కోపం లేదు. సందు మలుపు తిరిగితే ఏరు కనిపిస్తుందని తెలుసు. తిరగబోతుండగా గంట మోగేది, మ్యూజియం మూసేవేళ అయ్యేది. బస్సులో కూర్చున్నాక కూడా, బిందె ఒళ్ళో పెట్టుకున్న ఆడమనిషి ఎదురు సీట్లో ఉంటే, ఈవిడని ఎక్కడో చూశానే అనుకునేదాన్ని. అక్కడే చూశాను.

మా పెద్దసారుకి ఇవేవీ గిట్టవని అందరూ అనుకునేవారు. పెద్దసారంటే మ్యూజియానికి డైరెక్టరు. నున్నటి తల, ఇస్త్రీ మడత నలగని చొక్కా, వెనక్కి కట్టుకున్న చేతులు. గదులన్నీ తిరిగేవారు, అన్నీ చూసేవారు, దేన్నీ ముట్టుకునేవారు కాదు. సంతకం పెట్టడానికి తప్ప ఆ చేతులు ముందుకు రావడం ఎవరూ చూడలేదు. ఆయన కుర్చీ వెనక గోడకి ఒక ప్రశంసాపత్రం ఫ్రేము కట్టి ఉండేది. ముప్పై ఏళ్లలో ఒక్క వస్తువు కూడా పగలని మ్యూజియంగా దేశంలో మాకే ఆ గౌరవం దక్కింది. బాబాయి నా చీటీల్లో వదినగారి ప్రస్తావన ఇరికించబోతే ఎర్ర సిరాతో కొట్టేసేది కూడా పెద్దసారే. "పగిలిన స్థితిలో లభ్యం" అని ఉంచి మిగతాది తీసేసేవారు. అచ్చయి వచ్చిన చీటీ చదివి బాబాయి, అంతేనా అని నిట్టూర్చేవాడు.

బాబాయికి పనిలేని కుండ ఆ భవనంలో ఒక్కటే ఉండేది. దాన్ని అందరం నిండుకుండ అనేవాళ్ళం. పాత ఊరి దిబ్బల్లో దొరికిన వేల కుండల్లో చెక్కుచెదరకుండా బయటపడింది అదొక్కటే. పొడవాటి మెడ, గుండ్రటి కడుపు, నడుము చుట్టూ వరసగా ఈదుతున్న చేపలు. ఆ చేపలు బడిపుస్తకాల అట్టల మీద ఉన్నాయి, తపాలా బిళ్ళల మీద ఉన్నాయి, మంత్రిగారి ఉత్తరాల తలకట్టు మీద ఉన్నాయి. దాని కథ చెప్పమంటే మాత్రం బాబాయి, అది పగల్లేదు కదా, ఏం చెబుతాం అని మాట మార్చేవాడు.

నా ఏడాది పూర్తి కావడానికి ఆరు వారాలుండగా మన ప్రాచీన వారసత్వం పేరిట పెద్ద ప్రదర్శన పెట్టాలని పురావస్తు శాఖవాళ్ళు తలకెత్తుకున్నారు. మ్యూజియం ముఖద్వారం మీద మూడంతస్తుల గుడ్డ కట్టారు. దాని మీద నిండుకుండ బొమ్మ, కింద "మూడు వేల ఏళ్లుగా చెక్కుచెదరని మన వారసత్వం" అని అక్షరాలు. ఏర్పాట్లు చూడటానికి శాఖ నుంచి ఒక అధికారిణి వచ్చి పై అంతస్తులో దిగారు. నిండుకుండ చీటీ కొత్తగా రాసే పని నాకు అప్పగించారు.

రాయడం ఎంతసేపు. కానీ చీటీ మీద వేయాల్సిన వస్తువు అంకె ఒక రిజిస్టరులో ఏడుతో, ఇంకో రిజిస్టరులో ఒకటితో ముగిసింది. అసలు అంకె కుండ అడుగున రాసి ఉంటుంది. ఇంకెవరైనా అయితే ఏదో ఒకటి వేసేసి ఊరుకునేవారు. చీటీలో అంకె తప్పు పడటం కంటే ఘోరం ఇంకోటి లేదనుకునే రోజులు అవి. నియమం ప్రకారం కాపలా అన్నని సాయం పిలిచాను. నియమం ప్రకారం కింద ఇసక దిండు వేశాను. నియమం ప్రకారం మూతి పట్టుకోకుండా ఒక చేయి అడుగున, ఒక చేయి భుజం మీద మెడ కిందుగా వేసి, అంకె కనిపించేటంతగా నెమ్మదిగా వంచాను.

చప్పుడు కూడా రాలేదు. మెడ నా కుడిచేతిలో ఉంది, కుండ ఇసక దిండు మీద ఉంది. అవి రెండూ వేరువేరు చోట్ల ఎందుకున్నాయో చాలాసేపు నాకు అర్థం కాలేదు. చేపలు ఏమీ ఎరగనట్టు ఈదుతూనే ఉన్నాయి. కాపలా అన్న రిజిస్టరు మూసి గుండెకి హత్తుకున్నాడు.

బాబాయి ఎలా వచ్చాడో తెలియదు. వచ్చి నా చేతిలోంచి మెడ తీసుకుని, విరిగిన అంచు వెలుతురుకి తిప్పి చూశాడు. అంచు చుట్టూ తేనె రంగులో సన్నటి గీత ఉంది. ఆయన వెంటనే భుజం మీది తువ్వాలు దాని మీద కప్పేశాడు.

"ఏడా, ఒకటా?" అని అడిగాడు.

 ఆయనే వంగి కుండ అడుగు చూసి, ఏడు, రాసుకో అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టి, వదినగారు కూడా అచ్చం ఇలాగే నిలబడిపోయింది తల్లీ అన్నాడు. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

ఇంట్లో అమ్మ మిషను ఆపి మామూలుగానే అడిగింది. ఈ రోజు ఎవరూ పగలగొట్టలేదని చెప్పాను. నాకు ఉద్యోగం వచ్చాకే ఆవిడ రెండో షిఫ్టు కుట్టు మానేసింది. అదే తలుచుకుంటూ పడుకున్నాను.

మర్నాడు ఉదయం పెద్దసారు గదిలో విచారణ. బల్ల మీద తువ్వాలు, తువ్వాలు మీద కుండ, పక్కన మెడ. ఒకవైపు పెద్దసారు, చేతులు వెనక్కి. ఒకవైపు అధికారిణి, ముందు కాగితం, కలం. గోడకి ప్రశంసాపత్రం. నేను నిలబడ్డాను. నిపుణుడి అభిప్రాయం కోసం బాబాయిని పిలిచారు. అధికారిణి ఎలా పగిలిందని అడిగారు.

"చేయి జారిందమ్మా," అన్నాడు బాబాయి.

నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ రాసుకుంటూ, ఈ అమ్మాయి చేయేనా అన్నారు.

"ఈ అమ్మాయి చేతిలో విడిపోయింది. పగిలింది ఇప్పుడు కాదు. చాలా కాలమైంది. ఒకాయన. కొత్తగా పనిలో చేరాడు. ఇరవై మూడేళ్లుంటాయి."

ఏ కాలం సంగతని ఆవిడ అడిగారు. ఆ ఊరి కాలం సంగతే అని బాబాయి కుర్చీ జరుపుకుని, కుండ కడుపు మీద చేయి వేసి మొదలుపెట్టాడు. ఆయన గొంతు మారితే నాకు తెలుస్తుంది. గదిలోకి మట్టిగోడల చల్లదనం వచ్చింది.

ఆ కొత్తాయన ఇంట్లో జీతం తెచ్చిన మొదటివాడట. ఏ వస్తువు కనిపించినా ఒడిలో బిడ్డని పెట్టుకున్నట్టు పెట్టుకునేవాడట. ఆయన చేతులు అంత మంచివట. ఒకరోజు ఈ కుండ ఎత్తుకుని మేడ మెట్లు దిగుతుంటే, కింద నుంచి ఎవరో కబురు కేకేశారు. వాళ్ళ అమ్మని ఆస్పత్రిలో చేర్చారని.

"మూడు వేల ఏళ్ల కిందట ఆస్పత్రా?" అన్నారు అధికారిణి.

"వైద్యుడి ఇల్లమ్మా," అన్నాడు బాబాయి తొణక్కుండా. "కొత్త బూట్లు కూడా. మెట్టు మీద జారాయి."

"బూట్లా?"

"తోలువి. కిర్రుమనేవి."

నేను పెద్దసారు వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూస్తున్నారు. వీపు వెనక ఒక చేయి ఇంకో చేతిని గట్టిగా పట్టుకుని ఉంది.

మెడ ఊడిపోయిందట. ఆ కొత్తాయన బల్ల కిందికి దూరి కూర్చుని బయటికి రానన్నాడట. అక్కడే కూర్చుని రాజీనామా కూడా రాసేశాడట. అధికారిణి కలం పక్కన పెట్టేశారు. రాజీనామా దేని మీద రాశాడో అడగబోతుండగా బాబాయి మట్టి పలక మీద అని తానే చెప్పేశాడు.

"తర్వాత అతనికేమైంది?" అన్నారావిడ. ఆ ప్రశ్న ఎలా పుడుతుందో నాకు తెలుసు. ఆవిడ కూడా ఆ ఊరిదైపోయింది.

ఏమీ కాలేదన్నాడు బాబాయి. పెంకులు అతికించేవాడు ఒకడు అక్కడ ఉండేవాడట. ముందు ఈయన్ని ఆస్పత్రికి పంపించి, మూడు రోజులు తలుపేసుకుని, ఆనవాలు లేకుండా అతికించాడట. అమ్మ కోలుకుంది. రాజీనామా పొయ్యిలోకి పోయింది. ఆ కొత్తాయన మంచి పేరు తెచ్చుకుని పెద్దవాడయ్యాడు.

"ఒక్కటే తేడా జరిగిందమ్మా. ఆ రోజు నుంచి ఆయన దేన్నీ ముట్టుకోవడం మానేశాడు. అంత మంచి చేతులు. నాకు ఆ ఒక్కటే బాధ."

 పెద్దసారు కిటికీ దగ్గర నుంచి వచ్చి బల్ల ముందు నిలబడ్డారు. చేతులు వెనక నుంచి ముందుకొచ్చాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు గాలిలోనే ఉంచి, చివరికి తువ్వాలు అంచు మీద ఆనించారు.

"ఆ మనిషిని నేనే," అన్నారు అధికారిణితో. "ఇరవై తొమ్మిదేళ్లయింది. రిజిస్టరులో రాయలేదు. ఈ అమ్మాయి తప్పేమీ లేదు, పాత జిగురు వదిలేసింది."

బాబాయి కంగారుగా లేచాడు. "కాదండీ. ఆయన వేరు. ఆయనకి ఒత్తుగా జుట్టుండేది."

మొదట నవ్వింది పెద్దసారే. ఆయన నవ్వగా వినడం నాకదే మొదటిసారి. అధికారిణి కాగితం అడ్డం పెట్టుకుని నవ్వారు, తర్వాత కాగితం మీద వస్తువు పాత అతుకు వద్ద విడిపోయినది, ఉద్యోగిని నియమాలు పాటించినది అని రాసి నాకు చూపించారు. రిజిస్టరు సంగతి మాత్రం వదలలేదు. అదేమిటో మీరే శాఖకు రాయాలి అన్నారు పెద్దసారుతో. ఆయన అప్పుడే కూర్చుని రాయడం మొదలుపెట్టారు.

బయట వరండాలో గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకుంటున్నాను. పక్క గదిలో స్టోరు చూసే పెద్దమనిషి తుమ్మాడు. ఆయనకి దుమ్ము పడదు. మళ్ళీ తుమ్మాడు. మూడోసారి తుమ్మేసరికి నాకు మూడు జాడీలు గుర్తొచ్చాయి.  గదులు తుడిచే ఆవిడని, ఆవిడ మరిది మా కాపలా అన్నేనన్న సంగతిని, గోడ దాటి వినిపించే పాటకి పరధ్యానంలో పడిపోయే లైబ్రరీ ముసలావిడని ఒకరి వెనక ఒకరిని తలుచుకున్నాను. ముప్పై ఏళ్లుగా ఒక్క వస్తువూ పగలని ఆ భవనంలో ఎన్ని చేతులు జారాయో, ఎంతమందిని బాబాయి మూడు వేల ఏళ్ల అవతలికి దాటించి అక్కడ ఇళ్ళు ఇప్పించాడో లెక్కపెట్టబోయి మానేశాను. నిజంగా ఆ ఊరివాళ్ళు ఎవరో, మావాళ్ళు ఎవరో నాకు తేలలేదు. ఆయన్నే అడిగాను. ఆయన పెంకులు కడుగుతూ, అందరూ ఒక ఊరివాళ్ళే కదా తల్లీ అన్నాడు.

ఈ జబ్బు ఆయనకి ఎప్పుడు పట్టుకుందో తర్వాత పెద్దసారు చెప్పారు. ఆ రోజు ఆయన బల్ల కింద నుంచి రానంటే బాబాయి కూడా బల్ల కిందికి దూరి పక్కన కూర్చున్నాడట. కూర్చుని, ఈ కుండని చేసిన రోజునే కుమ్మరి కూతురు చేయి జారింది, అదృష్టం కొద్దీ గడ్డిలో పడింది, నీకు గడ్డి దొరకలేదు, అంతే తేడా అన్నాడట. అది మొదటి కథ. దానికి ఫలితం కనిపించేసరికి మందు మానలేకపోయాడు.

శాఖవాళ్ళు పెద్దసారు రాసిన రెండు పేజీలు చదివి ప్రశంసాపత్రం వెనక్కి తీసుకున్నారు. గోడకి మేకు మిగిలింది. ఆయన దానికి గొడుగు తగిలించుకున్నారు. ముఖద్వారం మీది మూడంతస్తుల గుడ్డని మాత్రం, మళ్ళీ అచ్చు వేయించే వ్యవధి లేక, "చెక్కుచెదరని" అన్నచోట ఇంకో గుడ్డముక్క వేసి మా అమ్మ చేత కుట్టించారు.

నిండుకుండని రెండోసారి అతికించిన రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆ మెడకి ఇసక తొట్టె కుదరదు, జిగురు పట్టేదాకా ఎవరో ఒకరు కదలకుండా పట్టుకోవాలి. బాబాయి నన్ను పిలవలేదు. పెద్దసారుకి కబురు పంపాడు. ఆయన గడియారం తీసి జేబులో పెట్టుకుని, చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ కడుక్కుని వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. రెండు అరచేతుల మధ్య ఆ మెడని పట్టుకున్నారు. ఇరవై నిమిషాలు. ఎండ ఇసక తొట్టెలన్నీ దాటుకుంటూ వచ్చి ఆయన వేళ్ళ మీదికి ఎక్కింది, అక్కడే ఆగిపోయినట్టు అనిపించింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆయన ఏ సందులో నడుస్తున్నారో, ఏరు దాకా వెళ్లారో లేదో నాకు తెలియదు.

"ఊపిరి పీల్చుకోవచ్చు సార్," అన్నాడు బాబాయి చాలాసేపటికి.

నా ప్రొబేషన్ పూర్తయినట్టు కాగితం వచ్చిన రోజునే నిండుకుండకి కొత్త చీటీ రాశాను. "నీళ్ల కుండ. ఏటి ఒడ్డు పాత ఊరు. నేలలో మూడు వేల ఏళ్లు చెక్కుచెదరలేదు. ఈ మ్యూజియంలో పగిలింది. అతికించాం." పెద్దసారు ఎర్ర సిరా కలం మూత తీసి, మళ్ళీ పెట్టేశారు. బాబాయికి చూపిస్తే రెండుసార్లు చదివి, పగిలింది అన్న మాట ముందు "చేయి జారి" అని పెట్టు తల్లీ అన్నాడు. పెట్టాను. ఆయన మాట అచ్చులోకి ఎక్కిన చీటీ అదొక్కటే.

ప్రదర్శన మొదలయ్యాక ఒక విచిత్రం జరిగింది. పగలనప్పుడు నిండుకుండని అందరూ ఒక్క చూపు చూసి పక్క పెట్టెకి వెళ్లిపోయేవారు. ఇప్పుడు చీటీ చదివి ఆగిపోతున్నారు. అద్దానికి ముక్కు ఆనించి, కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, కుండ చుట్టూ తిరిగి పగులు వెతుకుతున్నారు. ఎవరికీ దొరకదు. అప్పుడు బాబాయి గుంపులోంచి ముందుకు వచ్చి, ఎడమవైపు చేపల కింద ఒకచోట వేలు పెట్టి, అదిగో అక్కడ, సన్నగా, వెంట్రుకలాగా అని చూపిస్తాడు. అందరూ అక్కడికి వంగుతారు. కనిపించిందని కొందరు అంటారు. కనిపించినవాళ్ళు కనిపించనివాళ్ళకి చూపిస్తారు.

అక్కడ పగులు లేదు. నేను ఆయన పక్కకి చేరి, అతుకు పైన కదా బాబాయ్, మెడ దగ్గర అని మెల్లగా అన్నాను.

"తెలుసులే," అన్నాడాయన అంతే మెల్లగా. "అందరూ అక్కడ చూస్తుంటే, పైన అతుకుని కాసేపు ఊపిరి పీల్చుకోనీ."